ఉప్పగా ఉన్న గోడ

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, మడచెట్ల వెనకాల ఒక మెరక ఉంది. ఆ మెరక మీద బతికే జంతువులకు పులంటే భయం లేదు, వేటగాడంటే భయం లేదు. తూర్పు గాలంటే మాత్రం గుండెల్లో రాయి పడేది. వెనకటి తుఫానులో సగం మందను ఏరు మింగేసింది. మిగతా సగం బతికి బట్టకట్టిందంటే, మెరక నడినెత్తిన ఉన్న పాత సున్నపు కొట్టులో దూరబట్టే.

ఆ కొట్టు కట్టిన రోజుల్లో సున్నం గానుగ తిప్పింది మైలయ్య అనే ఎద్దు. సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేదాకా తిప్పాడు. సున్నానికి గట్టిదనమిచ్చే కరక్కాయ నీళ్ళు తక్కువ పోస్తే అడుగు ముందుకు వెయ్యకుండా మొండికేసేవాడు. ముసలివాడయ్యాక కూడా ఆ గోడ పక్కన నిలబడితే చాలు, మూపురం జానెడు పైకి లేచేది.

అలాంటి కొట్టును నక్క జంబులింగం ఒక్క మాటతో కొట్టేశాడు.

"ఈ గబ్బిలాల కంపులో ఎన్నాళ్ళుంటారు? నేను మీకు సిమెంటు ఇల్లు కట్టిస్తా. పైన స్లాబు వేస్తా. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఈ పాడు కొట్టు నాకు వదిలెయ్యండి, చాలు."

"ఈ పాతది నీకెందుకు బాబూ?" అంది గొర్రె నల్లక్క.

"ఒంటిగాణ్ణి కదక్కా. నాకెందుకు మేడలు?"

అందరికీ జాలేసింది. మైలయ్య ఒక్కడే బుసకొట్టాడు. "నేను తిప్పిన సున్నంరా అది!"

"తిప్పావు మావా, కాదన్నానా? జన్మంతా తిరిగి తిరిగి చివరికి ఎక్కడికి చేరావు? బయలుదేరిన చోటికే!"

మందంతా ఘొల్లుమంది. నక్క అన్న మాటా, మంద నవ్విన నవ్వూ మైలయ్య కడుపులో అలాగే ఉండిపోయాయి.

ఇల్లు లేచింది. ఇసుక మోసింది గాడిద వీరన్న. మంచి ఇసుక కావాలంటే ఏటికి ఎగువన చాలా దూరం పోవాలి. "సముద్రపొడ్డున ఇసుక లేదా ఏంటి? ఇసుక ఇసుకే," అన్నాడు జంబులింగం. నడక తగ్గిందని వీరన్న సంబరపడ్డాడు.

మైలయ్య ఆ ఇంటిని తిట్టని తిట్టు లేదు. గుమ్మం వంకరన్నాడు, రంగు దిష్టిబొమ్మలా ఉందన్నాడు, కిటికీ మెల్లకన్నులా ఉందన్నాడు. అక్కసుతో అంటున్నాడని అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. అతనూ పంతం కొద్దీ ఆ గడప తొక్కలేదు. రెండు వానాకాలాలు తాడిచెట్టు కింద తడుస్తూనే గడిపాడు.

ఒక పొద్దున మడచెట్ల మీద ఒక్క పిట్ట లేదు. పీతలన్నీ బొరియలు వదిలి మెరక ఎక్కుతున్నాయి. ఆకాశం రాగి రంగుకు తిరిగింది. తూర్పు గాలి మొదలైంది.

జంబులింగం అందరికంటే ముందే పాత కొట్టులో దూరి గడియ పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు సిమెంటింట్లోకి పరిగెత్తారు. నల్లక్క తాడిచెట్టు దగ్గరికొచ్చి బతిమాలింది.

"పంతాలకిది వేళ కాదు మావా. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడితే పిల్లలకు గాలి తగలదు."

పిల్లలనేసరికి మైలయ్య కదిలాడు. మొదటిసారి ఆ గడప తొక్కాడు. లోపల నల్లక్క పిల్లలిద్దరూ స్తంభానికి నాలుక ఆనించి చప్పరిస్తున్నారు.

"ఛీ, గోడలు నాకుతారేంటే?"

"రోజూ నాకుతాం తాతా. ఉప్పుప్పగా భలే ఉంటుంది!"

మైలయ్య స్తంభం దగ్గరికి నడిచాడు. తానూ నాలుక ఆనించి చూశాడు.

"వీరన్నా, ఈ ఇసుక ఎక్కడిదిరా?"

"సముద్రపొడ్డుది మావా."

"మంచినీళ్ళతో కడిగారా?"

"కడగమని ఎవరన్నారు?"

మైలయ్య కొమ్ముతో స్తంభాన్ని మెల్లగా నెట్టాడు. రొట్టె ముక్కలా పెచ్చు ఊడి పడింది. లోపల ఇనుప చువ్వ ఎర్రగా పొరలు పొరలుగా లేచి, పుచ్చిన ఎముకలా ఉంది.

"ఉప్పు ఇనుమును తినేసింది. తుప్పు ఉబ్బి గోడను లోపల్నించి చీలుస్తోంది," అన్నాడు మైలయ్య.

నెత్తి మీద ఎక్కడో 'టిక్కు'మంది. చిన్న గొర్రెపిల్ల వీపు మీద సిమెంటు పొడి రాలింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మావా?" ఏడుపు గొంతుతో అంది నల్లక్క.

"నాకు మాత్రం ఏం తెలుసు? నేను తిట్టిందంతా బయట నిలబడే కదా!"

అందరూ వానలోకి పడి పాత కొట్టు దగ్గరికి ఉరికారు.

"బాబూ, తలుపు తియ్యి! పిల్లలున్నారు!"

"ఇచ్చినదాన్ని మళ్ళీ అడగటం మర్యాదేనా అక్కా?" లోపల్నించి తాపీగా వచ్చింది జవాబు. "మీకు స్లాబుంది కదా!"

ఏరు అప్పటికే మెరక సగానికి ఎక్కింది. కొమ్ములతో తలుపు పగలగొట్టొచ్చు, కానీ ఆ తర్వాత గాలికి అడ్డం ఏది? మైలయ్యకు ఒక ఉపాయం తట్టింది. వీరన్నకు కన్నుగీటి, పిల్లలతో సహా అందరినీ కొట్టు గోడ వెనక్కి నెట్టించాడు. తర్వాత నక్కకు వినపడేలా గొంతెత్తాడు.

"పెద్దవాళ్ళం ఎగువ గట్టుకు పోదాం పద నల్లక్కా! పిల్లలు నడవలేరు, ఆ సిమెంటింట్లోనే ఉండనీ. ఆ తలుపుకు గడియ పడటం లేదు, ఏం చేస్తాం!"

నల్లక్కకు కన్నుగీటిన సంగతి తెలియదు; పిల్లల్ని నిజంగానే వదిలేస్తారనుకుంది. "నా పిల్లలే!" అని గుండె పగిలేలా అరిచింది. ఆ అరుపులో నటన లేదు. నక్కను నమ్మించింది అదే.

లోపల గడియ తీసిన శబ్దం. ముందు ముక్కు, దాని వెనక మీసాలు బయటికొచ్చాయి. కట్టింది తానేనన్న సంగతి కూడా మరిచి, పెదాలు నాక్కుంటూ సిమెంటింటి వైపు దూసుకుపోయాడు జంబులింగం. గోడ వెనకున్నవాళ్ళంతా పాత కొట్టులోకి జొరబడ్డారు. మైలయ్య గడియ వేసి, పిల్లలను తన పొట్ట కిందికి లాక్కున్నాడు.

"బుజ్జీ... చిట్టీ... రండమ్మా," గాలిలో తియ్యగా వినిపించింది నక్క గొంతు.

అంతలో నేల అదిరింది. సిమెంటింటి వైపు నుంచి దుమ్ము వానలో కలిసి బురదై తలుపు సందుల్లోంచి కొట్టింది.

చాలాసేపటికి తలుపు మీద గీకుడు. "మావా! కాలు నలిగింది. నీళ్ళొచ్చేస్తున్నాయి మావా!"

మైలయ్య తొందరపడలేదు. "ఎవరూ?"

"నేనే, జంబులింగాన్ని!"

"నీకు స్లాబుంది కదా బాబూ!"

బయట నక్క ఏడుపు గాలిలో తెగిపోతూ వినిపించింది. పొట్ట కింద గొర్రెపిల్ల వణికింది. "తాతా, వాణ్ణి ఏరు మింగేస్తుందా?"

మైలయ్య ఆ పిల్ల వంక చూశాడు. అప్పటికిగాని అతని కొమ్ము గడియ మీదికి పోలేదు. తలుపు కొంచెమే తీసి, నక్కను మెడ పట్టి లోపలికి లాగి, గాలి తగ్గేదాకా రెండు కొమ్ముల మధ్యే నొక్కి ఉంచాడు.

ఆ వేసవికి మెరక మీద మళ్ళీ గానుగ వెలిసింది. వీరన్న ఎగువ నుంచి తెచ్చిన ఇసుకను మైలయ్య నాలుక మీద వేసుకుని చూశాకే గానుగలో పోయించాడు. కాడి కింద కుంటుకుంటూ తిరుగుతున్నది జంబులింగం.

"ఎక్కడికి చేరావు జంబులింగం?" నీడలో పడుకుని అడిగాడు మైలయ్య.

"బయలుదేరిన చోటికే మావా."

"అయితే ఇంకో చుట్టు తిరుగు."

నీతి: కట్టినవాడు తన తల దాచుకోని ఇంట్లో మన పిల్లల్ని పడుకోబెట్టకూడదు.