లోకో స్టార్ అభిమాని ఉట్టి కొట్టిన కథ

సింగరాచార్యులవారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడు కోపంలో ఉంటే ఆయన జవాబు చెప్పేవారు కాదు. "కాగే నూనెలో నీళ్ళు పొయ్యకూడదు నాయనా, చిట్లి ఇద్దరి మీదా పడుతుంది" అని, కళ్ళజోడు తీసి ఉత్తరీయం కొసతో తుడుచుకుంటూ కూర్చునేవారు. ఒక్కోసారి ఆ తుడవడమే పావుగంట సాగేది. ఆ అద్దాలకు అంత మురికి ఎక్కడినుంచి వస్తుందని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. సికింద్రాబాదులో రైల్వే క్వార్టర్ల వెనక ఒక ఇరుకు వీధిలో, పిండిగిర్నీ పక్క ఇంట్లో, సాయంత్రాలు ఆయన గీత చెప్పేవారు. వినవచ్చేవాళ్ళలో పండితులెవరూ లేరు. టికెట్ కలెక్టర్లు, ఫిట్టర్లు, రిటైరైన గార్డు ఒకాయన, అంతే.

ఆ ఫిట్టర్లలో బొల్లం ఇస్తారి ఒకడు. నలభై దాటినవాడు. సాయంత్రాలు గీతకూ, ఆదివారాలు ఫుట్‌బాల్‌కూ రాసిచ్చినవాడు. తాతల నాటినుంచి ఆ పేటకు ఒక్కటే జట్టు, లోకో స్టార్. ఒకప్పుడు ఆ జట్టు ఆడుతుంటే జనం వానలో గొడుగులు పట్టుకుని నిలబడేవాళ్ళు. మనవాళ్ళు గోల్ దగ్గరికి పోతున్నారంటే వెనకవాళ్ళకు అడ్డం రాకూడదని ఠక్కున గొడుగులు మూసేవాళ్ళు. దూరంనుంచి చూసినవాడికి, గొడుగులు మూసుకుంటే చాలు, లోకో స్టార్ ముందుకు పోతోందని తెలిసేది. ఇప్పటివాళ్ళకు అది చెబితే నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి. చెప్పవచ్చేదేమంటే, ఆ సంవత్సరం గొడుగులు మూయవలసిన అవసరం పెద్దగా రాలేదు.

లోకో స్టార్ వరసగా ఓడిపోతోంది. గట్టి జట్ల చేతిలో ఓడితే అది వేరు. పొట్టలు పెరిగిన ఒక ఆఫీసు జట్టు చేతిలో కూడా ఓడింది. తప్పంతా కోచ్ సోలమన్‌దని పేట తీర్పు చెప్పేసింది. అప్పటికే పేపర్లవాళ్ళు ఆయనను మేనేజర్ అని రాయడం మొదలుపెట్టారు. పేటలో మేనేజరంటే బ్యాంకులో కూర్చునేవాడు. సోలమన్ మాత్రం అందరికీ సోలమన్ మాస్టరే. మాస్టర్ అన్నంతకాలం ఆయనంటే గౌరవం ఉండేది. మేనేజర్ అన్నాక "ఏం మేనేజ్ చేసినవయ్యా?" అని అడగడానికి ప్రతివాడికీ నోరు లేచింది.

ఈ గోలంతా విని క్లబ్బు ప్రెసిడెంటు ఒక మాట ప్రకటించాడు. "నాదేముంది? అభిమానులు ఒక్క మాట అంటే చాలు. ఆ నిమిషమే ఆయన్ను పంపించేస్తా." ఆ ఒక్క మాట అనవలసినవాడు ఇస్తారి. ఎందుకంటే గ్రౌండులో అతను గొంతెత్తితే జనమంతా ఎత్తుకుంటారు. ఆదివారం ఆట మొదలుకాకముందే గేటు దగ్గర "తప్పుకో" అని కేక వేయాలని కుర్రాళ్ళంతా అతని చుట్టూ చేరారు. ఇస్తారి సరేనన్నాడు. అన్నాడేగాని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. శుక్రవారం సాయంత్రం పాఠం అయీ అవకముందే లేచి నిలబడ్డాడు.

"స్వామీ, ఒక్క సంగతి తేల్చి చెప్పండి. నమ్మకం పోయినోన్ని ఇంకా నమ్మాల్నా, తీసి పారెయ్యాల్నా?"

"ఎవరిని నాయనా?"

"ఇంకెవరిని, సోలమన్‌ను! ఈయన్నే కదా నేను మోసింది? కప్పు గెలిచిన నాడు భుజం మీద ఎక్కించుకొని గ్రౌండంతా తిప్పిన. ఇప్పుడు ఆ భుజం చూసుకుంటే నాకు సిగ్గయితున్నది. ముందు ఆడేటోళ్ళు లేరంటడు. ఇద్దరు మంచి పోరగాళ్ళను ప్రెసిడెంటు వేరే క్లబ్బుకు ఇచ్చిండు, నిజమే. ఇచ్చిండు సరే, ఉన్నోళ్ళతోని ఆడించాలె గద! ప్రాక్టీసుకు గ్రౌండు లేదంటడు. గ్రౌండు ఎగ్జిబిషన్‌కు ఇచ్చిండ్రు, నిజమే. ఇచ్చిండ్రు సరే, సడక్ మీదనన్న ఉరికించాలె గద! ఈయనేం జేస్తుండు? పొద్దున లేస్తే ప్రెసిడెంటు గేటు కాడ నిలబడి, గ్రౌండు ఇయ్యుండ్రి సార్, పిల్లల్ని ఇయ్యుండ్రి సార్ అని ఒకటే మొర. కోచ్ జేసే పనేనా స్వామీ అది? అడుక్కునేటోని పని!"

మూల కూర్చున్న గార్డు కనకయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం ఇస్తారీ, ఇన్నొద్దులు గీత విన్నది రథం తోలేటాయన్ను మార్చుమని అడిగేటందుకా?"

అందరూ గొల్లుమన్నారు. ఇస్తారి నవ్వలేదు. "నీకేందే కనకన్నా, నీ బండి ఎప్పుడన్నా టైముకు వచ్చిందా? నా కడుపుమంట నాది" అన్నాడు. అతని కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి. అన్యాయం జరిగినవాడి కోపం వేరు, ప్రేమించి మోసపోయాననుకునేవాడి కోపం వేరు. రెండోది త్వరగా చల్లారదు.

ఆచార్యులవారు కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకున్నారు. "రేపు మన వీధిలో ఉట్లు. కర్ర పట్టేవాళ్ళు తక్కువయ్యారని అంటున్నారు. నువ్వు రా నాయనా. ఆదివారానికి ఇంకా పొద్దుంది కదా" అన్నారు. ఇస్తారికి ఒళ్ళు మండింది. ఇక్కడ ఇల్లు కాలుతుంటే ఈయన పండగ మాటలేమిటి అనుకున్నాడు. అయినా గురువు రమ్మన్నాడు కనక వెళ్ళాడు.

కృష్ణాష్టమి మర్నాడు ఆ వీధిలో ఉట్టి కట్టడం పాత ఆచారం. వీధికి అడ్డంగా వాసం, వాసానికి గిలక, గిలక మీదుగా తాడు. తాడుకు ఈ కొసన పెరుగు కుండ ఉంటుంది, ఆ కొస పిండిగిర్నీ డాబా మీద పిట్టగోడ వెనక నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. కింద ఒకడు కర్ర పట్టుకుని ఎగిరి కుండను కొట్టాలి. పైవాడు తాడు లాగి కుండను అందకుండా చేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పసుపు నీళ్ళు మొహాన కొడతారు. కొట్టేవాడు బాగా అలిసిపోయి "గోవిందా" అని అరిచాడా, పైవాడు ఇక ఏడిపించకూడదు. తాడు వదిలి కుండను కర్రకు అందనివ్వాలి. ఇది ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. అయినా ఆ వీధిలో ఈ మాట తప్పినవాడు అంతవరకూ లేడు. శాస్త్రంలో ఉన్నవాటినే నిత్యం తప్పుతున్నాం కదా అంటారేమో, అది వేరే సంగతి.

ఆనాడు మొదటి కర్ర పాల సాంబయ్యది. ఏటా అతనిదే. మనిషి ఇంత లావున్నా ఎగిరితే బంతిలా ఎగురుతాడు. కానీ ఆ ఏడు కుండ అతనికి అందడం లేదు. ఎగిరాడు, తప్పింది. మళ్ళీ ఎగిరాడు, కర్ర గాలిని కొట్టింది. చూస్తున్న ఇస్తారికి లోపల కాగుతున్నదంతా ఒక్కసారి పొంగింది.

"ఏం సాంబన్నా! పాలల్ల నీళ్ళు కలిపినంత అల్కగ అనుకున్నవా? చాతగాకుంటే తప్పుకో!"

జనం ఫక్కున నవ్వారు. ఇంకెవరో ఆ మాట అందుకున్నారు. "తప్పుకో! తప్పుకో!" అని వీధంతా లయగా చప్పట్లు కొట్టింది. సాంబయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతూ, తల పైకెత్తి ఏదో అరిచాడు. చప్పట్లలో అది కలిసిపోయింది. కుండ మాత్రం ఇంకా పైకి పోయింది. అతను కొంతసేపు దానివైపే చూసి, కర్ర కింద పడేశాడు. "ఇన్నేండ్లు కొట్టిన అన్నా" అన్నాడు ఇస్తారితో, మొహాన నీళ్ళు తుడుచుకుంటూ. అవి పసుపు నీళ్ళేనా కాదా అని ఎవరూ చూడలేదు.

"పక్కకు జరుగు, నేను జూపెడత" అని ఇస్తారి కర్ర అందుకున్నాడు.

చూపించాడు. ఒకసారి చూపించాడు, ఇంకోసారి చూపించాడు. రెండోసారి జారి కూర్చున్నాడు కూడా. మొహం నిండా నీళ్ళు, ముక్కులో నీళ్ళు. కుండ చేతికి వచ్చినట్టే వచ్చి చటుక్కున లేచిపోతోంది. ఇందాక తన వెనక చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు తనకు కొడుతున్నాయి. "ఇస్తారన్నా, తప్పుకో! తప్పుకో!" అతని ఊపిరి అయిపోయింది. ఉన్న శక్తంతా గొంతులోకి తెచ్చుకుని "గోవిందా!" అని అరిచాడు.

కుండ దిగలేదు.

"గోవిందా! గోవిందా అంటున్న గద, చెవులు లేవా!"

కుండ ఇంకో రెండు మూరలు పైకి పోయింది. జనం మరింత నవ్వారు. ఇస్తారి కర్ర విసిరేసి, నీళ్ళు కార్చుకుంటూ పిండిగిర్నీ మెట్లు ఎక్కాడు. తాడు పట్టినవాణ్ణి ఆ పూట డాబా మీదినుంచి తోసేద్దామన్నంత కోపంతో ఎక్కాడు. పిట్టగోడ వెనక, నడుముకు ఉత్తరీయం బిగించి, రెండు చేతులా తాడు పట్టుకుని సింగరాచార్యులవారు నిలబడి ఉన్నారు.

ఇస్తారి మొహాన నీళ్ళు తుడుచుకుని ఆయన ముందుకు నడిచాడు. ఇక మాట ఆగలేదు. "మీరా! మీరా స్వామీ! ఇది న్యాయమా? గోవిందా అంటే వదలాలె. ఇది మన గల్లీ కట్టుబాటు కాదా? మీరు గుంజుతుంటే కింద ఎవడు కొట్టగలుగుతడు? కృష్ణుడే దిగొచ్చినా కొట్టలేడు! కొట్టలేనోడు చాతగానోడని అందరితోని నవ్వించిండ్రు. నలుగుర్ల నా ఇజ్జత్ తీసిండ్రు!"

"నువ్వు ఎగరడం కూడా అంత బాగా లేదు నాయనా. అయితే అది తర్వాతి మాట" అన్నారు ఆచార్యులవారు, తాడు వదలకుండానే.

"నేను మొత్తుకున్నది మీకు వినబడలేదా?"

అదే సమయానికి కిందినుంచి ఎవడో కుర్రాడు కేక వేశాడు. "ఇస్తారన్నా! రేపు పొద్దుగాల సోలమన్‌ను గూడ ఇట్లనే తప్పిద్దామా?"

వీధంతా నవ్వింది. ఇస్తారి అలవాటు ప్రకారం పిట్టగోడ మీదికి వంగి నోరు తెరిచాడు. కేక బయటికి రాకముందే, ప్రెసిడెంటు గేటు దగ్గర సోలమన్ పెట్టే మొర గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"వినబడింది నాయనా" అన్నారు ఆచార్యులవారు వెనకనుంచి. "సాంబయ్య మొత్తుకున్నదీ వినబడింది. అప్పుడు నువ్వెటు చూస్తున్నావు?"