సింగారమ్మ ఇంటి తెల్లన్నం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక గుహ. ఆ గుహలో సింగారమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఎలుగుబంటి వంట చేస్తుందా అని అడగకండి. ఈ కథలో చేస్తుంది. అడవంతా చెప్పుకునేలా చేస్తుంది.

సింగారమ్మకు ఒకటే పిచ్చి. అన్నం తెల్లగా ఉండాలి. వడ్లు రోట్లో పోసి దంచేది. ఊక పోయాక అందరూ ఆపేస్తారు కదా, ఆవిడ ఆపేది కాదు. మళ్ళీ దంచి తవుడంతా చెరిగేసేది. గింజ మీద ఎక్కడైనా ఎర్రటి చార కనిపిస్తే మూడోసారి దంచేది. తర్వాత నీళ్ళు తేటపడేదాకా బియ్యాన్ని కడిగి కడిగి పెట్టేది. కుండ నిండా నీళ్ళు పోసి ఉడికించి, గంజి వార్చేసేది. కూరల సంగతీ అంతే. బీరకాయ పొట్టు మందంగా చెక్కేసేది. తరిగిన ముక్కల్ని నీళ్ళలో నానేసి పిండేది. ఆకుకూర ఉడికించి ఆ పచ్చటి నీళ్ళు వంచేసేది. తవుడు, గంజి, పొట్టు, అన్నీ గుహ వెనక గుంటలోకి పోయేవి.

పక్క చెట్టు మీద కొండముచ్చు వెంకాయమ్మ ఉండేది. "నీ అన్నం మల్లెపూవులా ఉంటుంది వదినా. ఈ పనితనం ఇంకెవరికీ రాదు" అనేది. ఆ మాటకు సింగారమ్మ పొంగిపోయేది.

ఆవిడకు ఒక్కడే కొడుకు, గున్నయ్య. మూడు పూటలా కడుపునిండా తినేవాడు. అయినా ఎండలు ముదిరేసరికి వాడి కాళ్ళు పట్టు తప్పాయి. నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేవాడు.

"అమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి" అనేవాడు.

సింగారమ్మ గుండె గుభేలుమంది. వానాకాలం దగ్గర పడుతోంది. వానలు పడితే వాగు పొంగి గుహ మునిగిపోతుంది. ఏటా ఆ వేళకు కొండమీదికి వెళ్ళిపోవాలి. దారంతా నిట్టనిలువు రాయి. కిందటేడు కొడుకును వీపున వేసుకుని ఎక్కింది. ఇప్పుడు వాడు మోసే వయసు దాటిపోయాడు. తన కాళ్ళతో తను ఎక్కకపోతే వాణ్ణి వరదకు వదిలేయాల్సిందే.

"దిష్టి తగిలింది వదినా" అంది వెంకాయమ్మ. సింగారమ్మ దిష్టి తీసింది. గున్నయ్య లేవలేదు.

"తిండి చాలడం లేదేమో" అంది వెంకాయమ్మ. సింగారమ్మ ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది. గున్నయ్య లేవలేదు.

"అన్నంలో ఎక్కడో తవుడు మిగిలి అరగడం లేదు వదినా. ఇంకా తెల్లగా దంచు" అంది వెంకాయమ్మ. పాపం, సింగారమ్మ చేతులు బొబ్బలెక్కేలా దంచింది. గున్నయ్య గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం సింగారమ్మ గంజి పారబోయడానికి గుహ వెనక్కి వెళ్ళింది. గుంటలో ఏదో చప్పుడు వినిపించి పొద చాటునుంచి చూసింది. రత్తాలు అనే అడవిపంది తన పిల్లలతో గుంటలో ఉంది. పుట్టినప్పుడు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న పిల్లలవి. ఇప్పుడు ఒళ్ళు నిగనిగలాడుతోంది. రాళ్ళ మీదికి ఎగబాకుతున్నాయి, దొర్లుతున్నాయి, మళ్ళీ ఎగబాకుతున్నాయి. సింగారమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమే రత్తాలూ, నా ఇంట్లో ఏం దొంగిలించి మేపుతున్నావే వీళ్ళను?" అని మీదికి వెళ్ళింది.

రత్తాలు తెల్లబోయింది.

"దొంగతనమేంటక్కా? నువ్వు పెట్టిందే కదా తింటున్నాం. తవుడు మాకే పోస్తావు. గంజి మాకే. కాయల పొట్టు, ఆకుకూర రసం మాకే. బలమైనదంతా మాకు పంపేసి, మిగిలిన పిప్పి నీ పిల్లాడికి పెట్టుకుంటావు. కన్నబిడ్డను పస్తు పెట్టి పరాయి పిల్లల్ని సాకే తల్లిని నేనెక్కడా చూళ్ళేదు. రోజూ నీకు దండం పెట్టుకుంటున్నానక్కా."

ఎగతాళి చేసి ఉంటే సింగారమ్మ ఒక్కటిచ్చేది. కానీ రత్తాలు కళ్ళలో నీళ్ళున్నాయి. అది మనసారా అంటోంది.

సింగారమ్మ గుంటలోకి చూసింది. తన చేతులతోనే, ఇంత కష్టపడి, రోజూ తన బిడ్డ బలాన్ని చెరిగి, కడిగి, వార్చి ఈ గుంటలో పోసింది. ఎవరూ దొంగిలించలేదు. దిష్టీ లేదు, గాలీ లేదు. తనే.

"ఈ పూట గంజి నా కొడుక్కి తీసుకెళ్ళనా?" అని చిన్న గొంతుతో అడిగింది.

"నీ గంజికి నన్నడుగుతావేంటక్కా" అని రత్తాలు పిల్లల్ని పక్కకు తోలింది.

మర్నాడే వెంకాయమ్మ తన కొత్త వియ్యాలవారిని భోజనానికి తీసుకొచ్చింది. వదినగారి తెల్లన్నం చూపిస్తానని ఊరించి మరీ తెచ్చింది. సింగారమ్మ విస్తళ్ళు వేసింది. వడ్డించింది మాత్రం ఎర్రటి అన్నం. ఊక పోయేదాకానే దంచి, ఒక్కసారి కడిగి, గంజి వార్చకుండా సరిపడా నీళ్ళతో అత్తెసరు పెట్టింది. పక్కన బీరపొట్టు పచ్చడి, నీరు వంచని మునగాకు పప్పు.

వెంకాయమ్మ కొయ్యబారిపోయింది.

"ఇదేంటి వదినా? గుంటలో పోసేది మా విస్తట్లో వేస్తావా? వియ్యాలవారి ముందు నా పరువు, నీ పరువు రెండూ తీశావు."

నిన్న దంచిన తెల్ల బియ్యం అటక మీద ఇంకా ఉన్నాయి. ఒక్క ఉడుకు చాలు, పోయిన పేరు తిరిగొస్తుంది. సింగారమ్మ మూలన పడుకున్న గున్నయ్య వైపు చూసింది.

"వరదొస్తే నా పరువు వచ్చి వాణ్ణి కొండమీదికి చేర్చదు వదినా. మా ఇంట్లో ఇక ఇదే అన్నం" అంది.

చుట్టాలు విస్తళ్ళ ముందునుంచి లేచి వెళ్ళిపోయారు.

గున్నయ్య తెల్లారేసరికి లేచి గంతులేశాడనుకుంటున్నారా? తిండి మంత్రం కాదు. ముందు గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గుమ్మందాకా నడిచాడు. వాగుదాకా వెళ్ళి వచ్చిననాడు సింగారమ్మ ఏడ్చేసింది. రోజూ వండినప్పుడల్లా రత్తాలు పిల్లలకు కూడా ఒక మూకుడు తీసి పెట్టేది.

వాన అనుకున్నదానికంటే ముందే వచ్చింది. గుహలోకి నీళ్ళు వస్తుంటే తల్లీకొడుకులు కొండ ఎక్కడం మొదలుపెట్టారు. సగం దారిలో గున్నయ్య ఆగిపోయాడు.

"కాళ్ళు వణుకుతున్నాయమ్మా."

"ఆగి ఆగి ఎక్కు నాయనా. నీ వెనకే ఉన్నాను."

వాడు ఊపిరి తీసుకున్నాడు. ఒక కాలు పైకి వేశాడు. ఇంకో కాలు వేశాడు. వాడి కాళ్ళు వాణ్ణి మోశాయి.

పైకి చేరాక సింగారమ్మ కిందికి చూసింది. గుహ లేదు. ఉన్నచోట ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఆవిడ కొడుకును గట్టిగా పొదువుకుంది.

"ఇన్నాళ్ళూ నిన్ను ఆ నీళ్ళలోకే తోస్తున్నాను నాయనా, మూడు పూటలా అన్నం పెడుతూనే" అంది.

నీతి: కంటికి ఇంపుగా ఉండాలని తిండిలోని బలాన్ని పారబోస్తే, కడుపు నిండుతుంది గానీ ఒంటికి ఏమీ అందదు.