చెరువులో మేడలు

చంపకపురం చెరువులో ముసలి నూకాలు పడవ నడిపేది. ఆ చెరువు చేపల మీదే ఆమె పేటంతా బతికేది. నగరాధికారి భుజంగరాయుడి కన్ను చెరువు తూర్పు కొస మీద పడింది. అక్కడ నీళ్లలో తుంగగడ్డి దట్టంగా పెరిగి, దూరానికి పచ్చిక బయలులా కనిపించేది. అది ఎండిపోయిన నేల అనీ, మేడలు కట్టడానికి తన బావమరిదికి ఇప్పించమనీ రాజును కోరాడు.

స్వయంగా చూస్తానని రాజు, అధికారితో కలిసి నూకాలు పడవెక్కాడు.

"అదిగో ప్రభూ, అదంతా గట్టి నేలే. ఇక్కణ్ణుంచి చూస్తే చాలు" అన్నాడు భుజంగరాయుడు.

నూకాలు పడవను తుంగ మధ్యకే తోసి ఆపింది.

"గట్టి నేలకొచ్చేశాం, దిగండి బాబయ్యా. మేడలు ఎక్కడ కడతారో నడిచి చూపిస్తే రాజుగారికీ తెలుస్తుంది" అంది వినయంగా.

భుజంగరాయుడు కదల్లేదు.

"దిగవయ్యా!" అన్నాడు రాజు.

అధికారి ఒక కాలు బయటపెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ప్రభూ, నాకు ఈత రాదు!" అని బావురుమన్నాడు.

రాజు పకపకా నవ్వాడు. చెరువు జోలికి ఎవరూ పోకూడదని ఆజ్ఞాపించి, అధికారిని అక్కడికక్కడే కొలువు నుంచి తీసేశాడు.

తిరుగు దారిలో భుజంగరాయుడు నూకాలు కొంగు పట్టుకుని వదల్లేదు.

"భయపడకు నాయనా, నేనున్నాగా" అంటూ ఆమె పడవను మెల్లగా ఒడ్డుకు చేర్చింది.