అతి దగ్గరి దారి

ఒకానొక రాజ్యంలో వానలు మొహం చాటేసి ఏళ్లయింది. చెరువులు నెర్రెలిచ్చాయి, బావులు అడుగంటాయి. కోటలోని ఊట ఒక్కటే మిగిలింది. ఆ నీళ్లు బళ్ల మీద ఊళ్లన్నిటికీ పంపమని మంత్రులు వేడుకున్నారు.

రాజు చండభానుడు మీసం దువ్వాడు. "పంపుదాం. కానీ నా బళ్లు అడ్డదిడ్డంగా తిరగడానికి వీల్లేదు. అన్ని ఊళ్లూ చుట్టివచ్చే దారుల్లో అతి దగ్గరిది తేల్చండి. అంతవరకూ ఒక్క చక్రం కదలకూడదు!"

పండితులు దారులన్నీ రాయబోయారు. ఊళ్ల వరుస మార్చేకొద్దీ కొత్త దారి పుట్టుకొచ్చింది. తాటాకులు అయిపోయాయి గానీ దారులు అయిపోలేదు. చివరికి ఆ పని ఆస్థాన విదూషకుడు బొల్లన నెత్తిన పడింది.

బొల్లన నవ్వు మరచిపోయి చాన్నాళ్లయింది. చెల్లెలు నాంచారిని ఇచ్చిన రాళ్లపాడు ఎండుతున్న ఊళ్లలో ఒకటి.

అతడు అన్ని దారులూ వెతకలేదు. చేతికందిన దారిలో రెండు ఊళ్లను అటూ ఇటూ మార్చి చూశాడు. దూరం తగ్గితే ఉంచాడు, పెరిగితే మునుపటిలా పెట్టేశాడు. కాసేపటికి ఏం మార్చినా దూరం తగ్గడం మానేసింది. సంతోషించబోయి ఆగాడు. పొగమంచులో గుట్టెక్కినవాడికి అదే శిఖరంలా ఉంటుంది కదా! అందుకని వేరే దారులతో మళ్లీ మళ్లీ మొదలుపెట్టాడు. రైతు మేలైన కంకుల నుంచే విత్తనం తీసినట్టు మంచివి ఏరి, ఒకదాని ముందు సగాన్ని ఇంకోదాని వెనుక సగానికి అతికించి, రెండుసార్లు వచ్చిన ఊళ్లు తీసేసి తప్పిపోయినవి చేర్చాడు. అలా పుట్టినవాటిలోనూ మేలైనవే ఉంచాడు. చివరికి చాలా దగ్గరి దారి దొరికింది.

"ఇంతకంటే దగ్గరిది లేదని ప్రమాణం చెయ్యి," అన్నాడు రాజు.

"చెయ్యలేను ప్రభూ. ఉంటే ఉండొచ్చు."

"అయితే వెతుకు!"

బొల్లన వెతుకుతూనే ఉన్నాడు. ఇంతలో రాళ్లపాడు గొల్లవాడొకడు వచ్చి, ఊళ్లో పశువులన్నీ నీళ్లు లేక చచ్చిపోయాయని చెప్పాడు. ఇక తల పోయినా ఒకటే అనుకొని బొల్లన సభకు నడిచాడు. అక్కడ వందిమాగధులు, "భూమండలంలో మా రాజుకు సాటి లేరు!" అని గొంతెత్తి పాడుతున్నారు.

"అయ్యలారా, భూమండలంలోని రాజులందర్నీ చూశారా?" అని అడిగాడు.

"అందర్నీ ఎలా చూస్తాం? ఇరుగుపొరుగు రాజుల్ని చూశాం."

బొల్లన సింహాసనం వైపు తిరిగాడు. "విన్నారుగా ప్రభూ! తమకంటే మేలైన రాజు ఎక్కడైనా ఉండొచ్చు. అందర్నీ చూసి తేల్చేదాకా తమరు కిందికి దిగి నిలబడండి."

రాజు ముఖం ఎర్రబడింది. పెదవి బిగించాడు, కానీ ఆగలేకపోయాడు. పకపకా నవ్వేశాడు.

"దొరికినవాళ్లలో మేలైనవాడితో సరిపెట్టుకోమంటావు! బళ్లు కట్టండిరా!" అని చేతి కంకణం తీసి బొల్లనకు తొడిగాడు.

బొల్లన మొదటి బండి మీదే వెళ్లాడు. రాళ్లపాడులో చెల్లెలి ముంత తానే నింపి చేతికిచ్చాడు. ఆమె తాగలేదు. వాకిట్లో తెల్లగుడ్డ కప్పిన అత్తగారి వైపు చూసింది.

"నిన్న వచ్చుంటే ఒక గుక్క పోసేదాన్ని అన్నయ్యా," అంది.