సింగన్న వీణ బేరం

వైణికుడు సింగన్న వేళ్లు దొంగలు నరికారని దొర ఊరంతా దండోరా వేయించాడు. ఆ దిగులుతోనే సింగన్న పోయాడు. అతని భార్య నాంచారి మాత్రం ఆ దొంగల కథ ఏనాడూ నమ్మలేదు.

ఏడాది తిరక్కుండా పాత వీణ కొంటానంటూ దొరే ఆమె గుమ్మం ముందు దిగాడు. చూడ్డానికి జనం మూగారు.

"మెట్లు అరిగాయి, వాటి కింది మైనం గుంటలు పడింది. ఇది నిజంగా వాడి వీణేనా?" అని దొర వీణను తడిమి చూశాడు.

నాంచారి ఆ గుంటల మీద వేలు పెట్టి చూపించింది. "ఆ గుంటలు మా ఆయన వేళ్లు పడి పడి ఏర్పడినవే దొరా. ఆ వేళ్లు తెప్పించి, ఆనించి చూడండి. సరిపోతే వీణ ఊరికే తీసుకెళ్లండి."

"మతిపోయిందా? అవి మా కోట కందకంలో ఎప్పుడో కుళ్లిపోయాయి!" అని దొర కసిరాడు.

నాంచారి వీణ మీద గుడ్డ కప్పింది.

"ఆ సంగతి దొంగలు తమరికెప్పుడు చెప్పారు దొరా?"