గొర్లవంక చెడుగుడు జట్టు

రాజధానిలో జీతానికి ఆడే చెడుగుడు జట్టు ఉంది కాబట్టి ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉండి తీరాలని దివాను శరభయ్య హుకుం జారీ చేశాడు. పట్టుమని ముప్పై గడపలు కూడా లేని గొర్లవంకలోనూ ఏడుగురు ఆటగాళ్ళు దిగారు. వాళ్ళను ఊరే మేపాలి, ఊరే రోజూ ఆట చూడాలి. చూడకపోతే పొలాలు లాగేసుకుంటారు.

ఊరంతా తల పట్టుకుంటే, గేదెలు కాచే పైడమ్మ మాత్రం "చూసే సంగతి నాకొదిలెయ్యండి" అంది.

దివాను తనిఖీకి వచ్చేసరికి బరి చుట్టూ గేదెలు కట్టేసి ఉన్నాయి. అవి నెమరేస్తూ ఆట చూస్తున్నాయి.

"జనం ఏరీ?" అని దివాను మండిపడ్డాడు.

గేదెల పక్కనే ఉన్న పైడమ్మ అంది, "జట్టుకి తిండి పండించడానికి పొలాలకెళ్ళారు దొరా. వాళ్ళు ఆటకొస్తే జట్టుకి కూడుండదు, పనికెళితే ఆట చూసే దిక్కుండదు."

"అయితే గేదెలు చప్పట్లు కొడతాయా?"

"కొట్టవు దొరా. కానీ పొద్దస్తమానం కూర్చునే తీరిక మా ఊళ్ళో వాటికే ఉంది. మనుషుల్లో అంత తీరికున్నవారు ఇన్నాళ్ళకి తమరొచ్చారు," అంటూ పైడమ్మ రెండు గేదెల మధ్య పీట వేసింది.

దివాను పీట వంక చూస్తుండగానే పక్క గేదె కాస్త జరిగి చోటిచ్చింది.

ఆ పూటే జట్టుని వెంటబెట్టుకుని ఆయన రాజధాని దారి పట్టాడు.