దోమతెరలో రాసిన గ్రంథం

ఏ రాజ్యమైతేనేం లెండి, దోమలకు మాత్రం కొదవలేని రాజ్యం. ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి ఏడాదంతా పట్టు దోమతెరలో కూర్చుని పరిశోధించి, నగరంలో దోమలు లేవని గ్రంథం రాశాడు. నకళ్లు ఊరంతా పంచారు. రాజుగారు పొంగిపోయి, మోచెయ్యి గోక్కుంటూనే, ఇక మురికికాలువల్లో పూడిక తీయనక్కర్లేదని చాటింపు వేయించారు.

కాలువ పక్కనే కాపురముండే బుట్టలల్లే నూకమ్మకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే వీధిలో సగంమంది చలిజ్వరంతో మూలుగుతున్నారు. ఇక కాలువ కూడా పూడిపోతే బతికినట్టే! అరిచి లాభం లేదనుకుని, కొబ్బరికాయ పట్టుకుని నవ్వుతూ సభకెళ్లింది.

"శాస్త్రిగారూ, ఎంత చల్లని మాట రాశారు బాబూ! మా వీధివీధంతా నమ్మేసింది. దోమలే లేనప్పుడు తమకు ఆ తెరతో పనేముంది? మాకిప్పించండి, చిన్నచేపలు పట్టుకుంటాం."

"నిజమే కదా! ఇచ్చెయ్యండి శాస్త్రిగారూ," అన్నారు రాజుగారు హుషారుగా.

శాస్త్రి గతుక్కుమన్నాడు. "అమ్మో! తెర ఇచ్చేస్తే తెల్లారేసరికి నన్ను పీక్కు తినెయ్యవూ?"

"ఏవి బాబూ?" అంది నూకమ్మ అమాయకంగా.

సభంతా గొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, వెంటనే కాలువలు బాగుచేయించమన్నారు. శాస్త్రిని మాత్రం తెర లేకుండా నూకమ్మ వీధికి పరిశోధనకు పంపారు.

మర్నాడు పొద్దున్నే రెండో గ్రంథం వచ్చేసింది. గోక్కుంటూ రాసిన వంకర అక్షరాల్లో అందులో ఉన్నది ఒకటే మాట: "ఉన్నాయి."